అప్రెంటిస్ అమ్మాయి కార్మికురాలు కాదా?

తెలుగులో 'పనివాడు' అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. కూలికి పనిచేసేవాడు అన్నది ఒకటి. పనిలో ఆరితేరినవాడు అన్నది రెండోది. "వాడు మంచి పనివాడండీ" అంటే ఏ వడ్రంగినో, మెకానిక్కునో మెచ్చుకుంటున్నామని అందరికీ తెలుసు. ఇదే మాటని స్త్రీలింగంలోకి మార్చి చూడండి. 'పనిమనిషి' వస్తుంది. అంటే ఇళ్లలో గిన్నెలు తోమే మనిషి. 'పనిమంతురాలు' ఉంది కదా అంటారు. అది వంచిన నడుం ఎత్తకుండా ఇంటిచాకిరీ చేసే కోడలికి ఇచ్చే కితాబు. ఒక వృత్తిలో చేయి తిరిగిన స్త్రీని పిలవడానికి మన వాడుకలో సరైన మాట లేదు. ఇది కేవలం భాషలో ఉన్న లోటు కాదు. నైపుణ్యాన్ని సమాజం ఎవరి ఆస్తిగా గుర్తించిందో భాష మనకి చెబుతోంది.

స్త్రీల ఉపాధి గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా వేతనాల గురించి, పనిగంటల గురించి, లైంగిక వేధింపుల గురించి మాట్లాడుతున్నాం. అవి ముఖ్యమే. అయితే వాటికంటే ముందు జరిగే ఒక విషయం మీద మన దృష్టి పడవలసినంతగా పడలేదు. పని నేర్చుకునే దశలోనే స్త్రీల చేతుల్లోంచి పని జారిపోతోంది. ఈ వ్యాసంలో నేను ఆ దశ గురించి మాట్లాడదలచుకున్నాను. అందుకు దుర్భిణీలు, సూక్ష్మదర్శినులు, కెమెరాలు, రాత్రిపూట చూసే పరికరాలు వీటికి కావలసిన లెన్సులూ, పట్టకాలూ తయారుచేసే ఆప్టిక్స్ పరిశ్రమని ఉదాహరణగా తీసుకుంటాను.

ఈ పరిశ్రమ మనకి దూరమైనది కాదు. స్వాతంత్ర్యానికి ముందే మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ చాలాకాలం శాస్త్ర పరికరాలు తయారుచేసింది. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తీసుకుంది. డెహ్రాడూన్‌లో రక్షణ శాఖ ఆప్టికల్ కర్మాగారాలు ఉన్నాయి. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డుని రద్దు చేశాక అవి ఇండియా ఆప్టెల్ లిమిటెడ్ కిందికి వచ్చాయి. హైదరాబాదు, బెంగళూరు వంటి చోట్ల ప్రైవేటు యూనిట్లూ ఉన్నాయి. 1961 అప్రెంటిస్ చట్టం కింద గుర్తించిన ట్రేడ్‌లలో 'ఆప్టికల్ వర్కర్' ఒకటి. పదో తరగతి చదివిన ఆడపిల్ల కూడా చేరి నేర్చుకోగల పని ఇది.

పని ఎలా జరుగుతుంది?

ఈ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వివరం తెలియకపోతే తగువు ఎక్కడుందో అర్థం కాదు.

ముందు గాజు దిమ్మని వజ్రపు రజను పొదిగిన చక్రంతో కోసి, కావలసిన వంపుకి దగ్గరగా తెస్తారు. తరువాత పోత ఇనుప సాధనం మీద గరుకు పొడి, నీళ్లు వేసి అరగదీస్తారు. ఒక పొడి తరువాత అంతకంటే మెత్తని పొడి, దాని తరువాత మరింత మెత్తనిది. అప్పటికీ గాజు పాలు పోసినట్టు మసకగానే ఉంటుంది. ఆ తరువాత పాలిషింగ్. తారు లాంటి పిచ్‌ని కరిగించి సాధనం మీద పోసి, లెన్సు వంపుకి సరిపడేలా ఒత్తి, సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్లతో గంటల తరబడి రుద్దుతారు. పిచ్ ఎంత గట్టిగా ఉందో బొటనవేలి గోటితో నొక్కి చూసి తెలుసుకుంటారు. ఎండాకాలంలో పనికొచ్చిన పిచ్ చలికాలంలో పనికిరాదు. మధ్యలో ఎక్కువ అరుగుతోందా, అంచుల్లో ఎక్కువ అరుగుతోందా అని చూసుకుంటూ, రుద్దే దూరాన్నీ ఒత్తిడినీ మార్చుకుంటూ పోవాలి.

అరిగింది సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? కచ్చితమైన వంపు ఉన్న టెస్ట్ ప్లేట్‌ని లెన్సుకి ఆనించి ఒకే రంగు కాంతి కింద చూస్తే వెలుగు, చీకటి వలయాలు కనబడతాయి. వీటినే న్యూటన్ వలయాలు అంటారు. పాదరసపు దీపం ఇచ్చే ఆకుపచ్చ కాంతిలో ఒక్క వలయం తేడా ఉందంటే ఉపరితలంలో 273 నానోమీటర్ల తేడా ఉన్నట్టు. అంటే తలవెంట్రుక మందంలో సుమారు 250వ వంతు. చేతి వేడికి కూడా గాజు ఉబ్బి వలయాలు వంకర పోతాయి. అందుకని పట్టుకున్న లెన్సుని కాసేపు అలా వదిలేసి, చల్లారిన తరువాతే చదవాలి. ఎంతసేపు ఆగాలో, వలయం ఏ వైపు వంగితే చెయ్యి ఏ వైపు సవరించుకోవాలో పుస్తకం చదివితే రాదు. తెలిసినవాళ్ల పక్కన నిలబడి, కొన్ని వందల లెన్సులు పాడు చేసుకుంటేనే వస్తుంది.

పాలిష్ అయ్యాక అంచుని అక్షానికి సరిచేయడం, కడగడం, శూన్యంలో మెగ్నీషియం ఫ్లోరైడ్ వంటి పదార్థంతో పలచని పూత వేయడం, రెండు లెన్సులని జిగురుతో అతికించడం, గీతలూ గుంటలూ ఉన్నాయేమో దీపం కింద తనిఖీ చేయడం, చివరికి గొట్టంలో బిగించడం ఉంటాయి. ఇవన్నీ తెలిసిన మనిషికే ఈ వృత్తి వచ్చినట్టు.

పంపకం ఎక్కడ జరుగుతుంది?

సాంకేతిక శిక్షణలో ఉన్న యువతుల మీద నేను చేస్తున్న పరిశీలనలో భాగంగా కొన్ని ఆప్టికల్ వర్క్‌షాపులకి వెళ్లాను. అక్కడి అప్రెంటిస్‌లతోనూ, పని నేర్పేవాళ్లతోనూ మాట్లాడాను. సంస్థల పేర్లు ఇక్కడ అవసరం లేదు. ఎందుకంటే నేను చూసినది ఒక సంస్థ దుర్మార్గం కాదు, ఒక అలవాటు. చేరిన కొత్తలో ఆడా మగా అందరికీ అన్ని విభాగాలూ చూపిస్తారు. కొన్ని నెలలు గడిచాక, ఎవరూ ఎక్కడా రాయని ఒక పంపకం జరుగుతుంది. అబ్బాయిలు జనరేటింగ్‌కీ, పాలిషింగ్‌కీ, పూత యంత్రాల దగ్గరికీ వెళతారు. అమ్మాయిలు తుడవడానికీ, అతికించడానికీ, తనిఖీకీ, బిగింపుకీ వెళతారు. ఒక అమ్మాయి తను ఏడాదిన్నరగా లెన్సులు తుడిచి కాగితంలో చుట్టడం తప్ప వేరే ఏమీ చెయ్యలేదని చెప్పింది. చివర్లో జరిగే ట్రేడ్ పరీక్షలో మాత్రం అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే ప్రాక్టికల్. అప్పుడు పాలిషింగ్ చెయ్యమంటే నేనేం చెయ్యాలి మేడమ్ అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఎందుకిలా అని ఒక సూపర్‌వైజరుగారిని అడిగాను. ఆయన చెడ్డమనిషి కాదు. అమ్మాయిల పట్ల అభిమానంగానే మాట్లాడాడు. ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరే చూపు వీళ్లది, తనిఖీకి వీళ్లే సరి అన్నాడు. ఈ మెచ్చుకోలుని మనం జాగ్రత్తగా పరిశీలించాలి. 0.40 మిల్లీమీటర్ల గుంట ఉంటే చెల్లుతుంది, అంతకు మించితే చెల్లదు అని తేల్చగల చూపు పుట్టుకతో వచ్చిందంటే, దాన్ని సంపాదించడానికి ఆమె పడ్డ శ్రమ లెక్కలోకి రాదు. శ్రమ లెక్కలోకి రానప్పుడు దానికి ధర కట్టనవసరం లేదు. మగవాడు మూడేళ్లు కష్టపడి నేర్చుకుంటే అది నైపుణ్యం. ఆడది మూడేళ్లు కష్టపడి నేర్చుకుంటే అది స్వభావం. ఆసియా దేశాల్లోని ఎగుమతి కర్మాగారాల్లో స్త్రీల 'చురుకైన వేళ్ల'ని పొగుడుతూ తక్కువ జీతాలిచ్చే పద్ధతిని డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే విశ్లేషించారు. ఆడపిల్లలకి చిన్నప్పటినుంచీ ఇంట్లో కుట్టుపని వంటివి నేర్పే శిక్షణ ఎవరికీ కనబడదు కాబట్టే దాని ఫలితాన్ని ప్రకృతి సహజం అంటున్నారని వాళ్లు చూపించారు.

పైగా పాలిషింగ్‌కి కావలసిన లక్షణాలేమిటి? ఓర్పు, వేలి కొసల్లో స్పర్శ, చల్లారేదాకా ఆగగలగడం. స్త్రీలకి సహజమని చెప్పే గుణాలన్నీ ఇవే కదా! మరి ఆ పని మగవాళ్ల పని ఎలా అయింది? పనిలో ఉన్న గుణాన్ని బట్టి మనిషిని ఎంచుకోవడం లేదన్నమాట. ఏ పనికి తరువాత మంచి జీతం, పేరు, బయట సొంతంగా వర్క్‌షాపు పెట్టుకునే అవకాశం ఉన్నాయో ఆ పని మగవాళ్లకి వెళుతోంది. ఆ తరువాత కారణాలు వెతుకుతున్నారు.

ఇది కొత్త కాదు

మన చేతివృత్తుల చరిత్ర చూడండి. చేనేత ఇళ్లలో కండెలు చుట్టేది, పడుగు పనిలో నిలబడేది స్త్రీలే. కానీ మగ్గం గుంటలో కూర్చున్నవాడే నేతగాడు. కుమ్మరి ఇంట్లో మట్టి తొక్కి మెత్తచేసేది ఆమె, సారె తిప్పేది అతను. విద్య తండ్రి నుంచి కొడుక్కి వెళ్లింది. కూతురు వేరే ఇంటికి పోయే పిల్ల కనుక ఆమెకి నేర్పితే విద్య ఇల్లు దాటుతుందన్నారు. అదే సమయంలో ఆ కులాల్లో పుట్టని దళితులకి ఆ విద్యలు అసలు అందలేదు. మచిలీపట్నం పక్కనే ఉన్న చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల పని చూస్తే, ఇళ్లలో కూర్చుని ముక్కకింత అని అతుకులు వేసేవాళ్లలో, రాళ్లు పొదిగేవాళ్లలో స్త్రీలు కనబడతారు. అదీ సూక్ష్మమైన పనే. దాన్ని వృత్తిగా గుర్తించే కాగితం మాత్రం వాళ్ల చేతిలో లేదు.

ఇతర దేశాల్లోనూ ఇదే జరిగింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ తన మగవాళ్లని సైన్యానికి పంపి, ఇంజనీరింగ్ కర్మాగారాల్లోకి స్త్రీలను తీసుకుంది. అప్పుడు ఒక నైపుణ్యం గల పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క స్త్రీకి నేర్పారు. దీనికి నైపుణ్యాన్ని పలచబరచడం అని పేరు పెట్టారు. యుద్ధం ముగిశాక, 1919లో, పాత పద్ధతులని పునరుద్ధరించాలని ఏకంగా ఒక చట్టమే చేశారు. ఒక ముక్క మాత్రమే తెలిసిన మనిషిని పంపేయడం సులువు. మొత్తం వృత్తి తెలిసిన మనిషిని పంపేయడం అంత సులువు కాదు. ఇవాళ మన వర్క్‌షాపుల్లో తుడిచే బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న అమ్మాయికి జరుగుతున్నది కూడా ఇదే.

అందువల్లే అప్రెంటిస్‌షిప్‌ని నేను ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. పుట్టుకతో సంబంధం లేకుండా, తండ్రి వృత్తితో సంబంధం లేకుండా, చట్టప్రకారం ఒక విద్యను అడిగి తీసుకునే దారి అది. ఈ చట్టంలో షెడ్యూల్డు కులాలకీ, తెగలకీ, తరువాత వెనకబడిన తరగతులకీ శిక్షణ స్థానాల్లో రిజర్వేషన్ కల్పించారు. స్త్రీలకి ప్రత్యేకంగా అటువంటి ఏర్పాటు చెయ్యలేదు. అంటే దళిత అమ్మాయి కులం పేరుతో తలుపు దాటి లోపలికి రావచ్చు గాని, లోపలికి వచ్చాక ఆడదానిగా తుడిచే బల్ల దగ్గరే ఆగిపోవచ్చు. కులాన్నీ జెండర్‌నీ విడివిడిగా చూసే చట్టానికి ఈ అమ్మాయి కనబడదు.

చట్టం ఏమంటోంది?

అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ చిన్నది. అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే గాని కార్మికుడు కాదనీ, ఈ చట్టంలో వేరుగా చెబితే తప్ప కార్మిక చట్టాలు అతనికి వర్తించవనీ అది చెబుతుంది. అదే 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం కూడా వచ్చింది. అది వేతనానికి పనిచేసే స్త్రీకి. అప్రెంటిస్‌కి ఇచ్చేది వేతనం కాదు, స్టైపెండ్. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు పాత చట్టాలని చాలావరకు తిరగరాశాయి. కానీ సామాజిక భద్రతా కోడ్‌లో 'ఉద్యోగి' అన్న మాటని నిర్వచిస్తూ, అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లు తప్ప అని మినహాయించారు. అరవై ఏళ్లు దాటాక అమల్లోకి వచ్చిన చట్టంలో కూడా ఆ తలుపు అలాగే మూసి ఉంది.

అప్రెంటిస్ నిజంగా కార్మికురాలు కాకపోతే ఈ వాదనకి అర్థం ఉండేది. కానీ ఆమె తుడిచిన లెన్సు అమ్ముడుపోతుంది. ఆమె తనిఖీ చేసిన పరికరం సరిహద్దుకి వెళుతుంది. చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. కర్మాగారంలో ఆరోగ్యం, భద్రత విషయంలో అప్రెంటిస్‌లని కార్మికులతో సమానంగా చూడమని అదే చట్టం చెప్పింది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇమ్మంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం 'ఉద్యోగి' నిర్వచనంలో ట్రైనీనీ, అప్రెంటిస్‌నీ పేరు పెట్టి చేర్చింది. అంటే చేర్చాలనుకుంటే చేర్చవచ్చు. వేలు తెగితే కార్మికురాలు, గర్భం దాల్చితే విద్యార్థిని అనడం ఏ న్యాయం?

2014 సవరణ యజమానులకి తమకి నచ్చిన ఐచ్ఛిక ట్రేడ్‌లని రూపొందించుకునే వీలిచ్చింది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. 2016 నుంచి జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 రూపాయలకి మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరిస్తోంది. ఇది ప్రజల డబ్బు. ప్రజల డబ్బుతో ఒక అమ్మాయికి వృత్తి నేర్పుతున్నారా, చవకగా లెన్సులు తుడిపించుకుంటున్నారా అని అడిగే హక్కు మనకుంది.

వినబడే అభ్యంతరాలు

ఆడపిల్లలు పెళ్లి చేసుకుని వెళ్లిపోతారు, వాళ్లకి నేర్పితే దండగ అంటారు. మగపిల్లలు మాత్రం ఎక్కువ జీతం దొరికితే వెళ్లడం లేదా? అదే పని వాళ్లు చేస్తే 'ఎదుగుదల' అంటున్నాం. నేర్చుకున్నది చేతికి రాకముందే బల్ల దగ్గర కూర్చోబెడితే, ఆ ఉద్యోగాన్ని పట్టుకుని ఉండడానికి ఆమెకి కారణం ఏముంది?

రాత్రి షిఫ్టు సంగతేమిటంటారు. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు దాటాక స్త్రీలని పనిలో పెట్టకూడదంది. ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తరువాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పులిచ్చాయి. కొత్త కోడ్‌లో స్త్రీల అంగీకారంతో, భద్రతా ఏర్పాట్లతో రాత్రిపని చేయించవచ్చు. ఇప్పుడు కావలసింది వాహనం, హాస్టల్, మరుగుదొడ్డి. ఇవి ఖర్చుతో కూడినవి గనక స్త్రీలని తప్పించడం తేలిక అనుకుంటున్నారు.

ప్రమాదం అనేది మరో అభ్యంతరం. కొన్ని రకాల ఆప్టికల్ గాజులో సీసం ఉంటుంది. అరగదీసినప్పుడు వచ్చే మడ్డి, కడగడానికి వాడే ద్రావకాలు ఆరోగ్యానికి మంచివి కావు. ఇది నిజమే. అయితే సీసం మగవాళ్లనీ వదిలిపెట్టదు. వాళ్ల సంతానోత్పత్తి శక్తినీ దెబ్బతీస్తుంది. అమెరికాలో బ్యాటరీలు చేసే ఒక కంపెనీ పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలని సీసం ఉన్న పనుల నుంచి తొలగిస్తే, అది వివక్ష అని 1991లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. జాన్సన్ కంట్రోల్స్ కేసుగా అది ప్రసిద్ధి. పనిచోటుని సురక్షితం చెయ్యాలి గాని, స్త్రీని అక్కడినుంచి తీసేసి రక్షణ అని పేరు పెట్టకూడదు. అదీగాక తుడిచే బల్ల దగ్గర ద్రావకాల వాసన పీల్చేది అమ్మాయిలే. ఆ ప్రమాదం గురించి ఎవరూ బెంగపడడం లేదు!

ఇవన్నీ సాధ్యమా అని అడిగేవాళ్లకి జర్మనీని చూపించవచ్చు. ఆప్టిక్స్ పరిశ్రమకి పుట్టినిల్లు లాంటి ఆ దేశంలో ఈ వృత్తిలో అప్రెంటిస్‌షిప్ మూడున్నరేళ్లు. ఏమేమి నేర్పాలో దేశమంతటికీ ఒకే శిక్షణ నియమావళి ఉంది. అప్రెంటిస్‌లకి సామాజిక బీమా ఉంది, ప్రసూతి రక్షణ వర్తిస్తుంది, పనిచోట తమ ప్రతినిధులని ఎన్నుకునే హక్కు ఉంది. అక్కడ పితృస్వామ్యం లేదని నేను అనడం లేదు. అప్రెంటిస్‌ని కార్మికురాలిగా గుర్తిస్తే పరిశ్రమ మూతపడదని మాత్రం అంటున్నాను.

మనం ఏం అడగాలి?

మొదటిది, అప్రెంటిస్ ఒప్పందంలో ఏ విభాగంలో ఎన్ని వారాలు శిక్షణ ఇస్తారో రాయాలి. అది ఆడా మగా అందరికీ ఒకటే కావాలి. అమ్మాయి దగ్గర ఉండే పని డైరీలో ప్రతి విభాగం వారాలూ నమోదు కావాలి. రెండోది, ట్రేడ్‌ల వారీగా ఎంతమంది స్త్రీలు చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అన్న లెక్కలు ప్రతి ఏటా ప్రకటించాలి. ఆ లెక్కలు చూపించాకే ప్రభుత్వం స్టైపెండ్ వాటా ఇవ్వాలి. మూడోది, అప్రెంటిస్‌లకి ప్రసూతి సెలవు, ఆ కాలంలో స్టైపెండ్, తిరిగి వచ్చాక శిక్షణ కొనసాగించే హక్కు చట్టంలోనే ఉండాలి. నాలుగోది, ఇతర అర్హతలు సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కి నియామకంలో ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని అమలు చెయ్యమని అడగాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి. మన సంఘాలు చెయ్యవలసినవి కూడా ఉన్నాయి. కార్మిక సంఘాలు అప్రెంటిస్‌లని తమవాళ్లు కాదని వదిలేశాయి. స్త్రీల సంఘాలు కర్మాగారం గేటు దాకా వెళ్లి ఆగిపోతున్నాయి. మహిళా ఐ.టి.ఐ.లలో కుట్టుపని, స్టెనోగ్రఫీ, బ్యూటీషియన్ కోర్సుల పక్కన ఇటువంటి ట్రేడ్‌లు ఎందుకు లేవని జిల్లాల్లో మనం అడగాలి. అప్రెంటిస్ అమ్మాయిలు ఎక్కడున్నారో వెతికి, 2013 చట్టం కింద వాళ్లకున్న హక్కులని వాళ్లకి చెప్పాలి. ట్రేడ్ పరీక్షకి ఆరునెలల ముందే వాళ్ల పని డైరీలు తెరిచి చూడాలి. పాలిషింగ్ పేజీ ఖాళీగా ఉంటే, ఆ డైరీ తీసుకుని ఆ అమ్మాయితో కలిసి అప్రెంటిస్‌షిప్ అధికారి దగ్గరికి వెళ్లాలి.